గుండెకు ఎం.ఆర్.ఐ. తీస్తే బ్లాకులు తెలుస్తాయా?

ప్రశ్న: మా నాన్నగారి వయసు 63. ఉక్కు కర్మాగారంలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. షుగరు ఉంది, నాలుగేళ్ల క్రితం గుండెకు ఒక స్టెంటు వేశారు. ఈమధ్య సింహాచలం మెట్లెక్కుతుంటే ఛాతీ బిగపట్టినట్లవుతోందనీ, కాసేపు కూర్చుంటే తగ్గుతోందనీ అంటున్నారు. మోకాళ్ల నొప్పుల వల్ల ట్రెడ్‌మిల్ పరీక్ష మధ్యలోనే ఆపేశారు. ఇప్పుడు డాక్టరుగారు గుండెకు స్ట్రెస్ ఎం.ఆర్.ఐ. తీయించమన్నారు. అందులో బ్లాకులు తెలుస్తాయా? సరాసరి యాంజియోగ్రామే చేయించుకుంటే పోదా? స్టెంటు ఉన్న మనిషిని ఆ యంత్రంలోకి పంపవచ్చా?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: గుండె రక్తనాళాల వెడల్పు సుమారు 2 నుంచి 4 మిల్లీమీటర్లు; పైగా గుండె కొట్టుకున్నప్పుడల్లా, ఊపిరి తీసినప్పుడల్లా అవి కదులుతుంటాయి. అందువల్ల నాళం లోపల ఎంత సన్నబడిందో ఎం.ఆర్.ఐ.లో యాంజియోగ్రామంత స్పష్టంగా కనిపించదు. ఈ పరీక్ష చెప్పే సంగతి వేరు: కాలువ ఎంత పూడిందని కాక, చివరి మడికి నీరందుతోందా లేదా అని చూస్తుంది.

స్ట్రెస్ ఎం.ఆర్.ఐ.లో అడినోసిన్ అనే మందును మూడు నాలుగు నిమిషాలపాటు నరంలోకి ఎక్కిస్తే ఆరోగ్యంగా ఉన్న నాళాలలో రక్తప్రవాహం పెరుగుతుంది, సన్నబడిన నాళం మీద ఆధారపడిన కండరానికి మాత్రం అంతగా పెరగదు. అదే సమయంలో గాడోలినియం అనే కాంట్రాస్టు (బొమ్మలో తేడా తెలిసేలా నరంలోకి ఇచ్చే మందు) ఇస్తే, రక్తం చాలని భాగం తెరమీద నల్లని పట్టీలా కనిపిస్తుంది. నడవవలసిన పని లేదు కనుక మోకాళ్ల బాధ అడ్డురాదు. సుమారు పది నిమిషాలు ఆగి తీసే బొమ్మల్లో పాత గుండెపోటు మిగిల్చిన మచ్చ తెల్లగా తేలుతుంది. షుగరు ఉన్నవారిలో నొప్పి తెలియకుండానే గుండెపోటు వచ్చిపోవడం అరుదేమీ కాదు, అందుకే నా దృష్టిలో ఈ రెండో భాగానికే విలువ ఎక్కువ. మచ్చ గుండె గోడ మందంలో సగానికి మించి ఉంటే, ఆ భాగానికి స్టెంటు వేసినా, బైపాస్ చేసినా కండరం తేరుకునే అవకాశం తక్కువ.

ఇక సరాసరి యాంజియోగ్రామ్ సంగతి. 2019లో వెలువడిన ‘ఎం.ఆర్.-ఇన్‌ఫార్మ్’ అధ్యయనంలో నిలకడగా గుండెనొప్పి ఉన్న 918 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ముందుగా ఎం.ఆర్.ఐ., రెండో జట్టుకు యాంజియోగ్రామ్‌తోపాటు నాళంలో పీడనం కొలిచే పరీక్ష చేశారు. ఏడాదిలో వచ్చిన గుండెపోటు వంటి ప్రమాదాల్లో మొదటి జట్టు రెండోదానికి తీసిపోలేదు. పైగా స్టెంటో బైపాసో చేయించుకున్నవారు మొదటి జట్టులో సుమారు 36 శాతం, రెండో జట్టులో 45 శాతం. కనుక మీ డాక్టరుగారి సలహా సబబే. రక్తం చాలని భాగం పెద్దదని తేలితే యాంజియోగ్రామ్ ఎలాగూ చేస్తారు.

స్టెంటు గురించి బెంగ వద్దు. ఇప్పుడు వాడుకలో ఉన్న స్టెంట్లు ఎం.ఆర్.ఐ. యంత్రంలోని బలమైన అయస్కాంతానికి కదలవు. పాత డిశ్చార్జి కాగితం మాత్రం వెంట తీసుకెళ్లండి. నేను జాగ్రత్త చెప్పదలచుకున్నది మరొకటి: ఫిట్టరు పనిలో గ్రైండింగ్ చేసేటప్పుడు ఎప్పుడైనా ఇనుప రజను కంట్లో పడిందా అని నాన్నగారిని అడగండి. పడి ఉంటే ఆ మాట టెక్నీషియన్‌కు తప్పక చెప్పాలి, ముందుగా కంటికి ఎక్స్‌రే తీస్తారు. ఆస్తమా ఉన్నా చెప్పాలి, అడినోసిన్ పడకపోవచ్చు. గాడోలినియం ఇస్తారు కనుక ముందుగా కిడ్నీల పనితీరుకు రక్తపరీక్ష చేయించండి. పరీక్షకు 24 గంటల ముందు నుంచి టీ, కాఫీ, కూల్‌డ్రింకులు, చాక్లెట్లు మానాలి. వాటిలోని కెఫీన్ అడినోసిన్‌ను పనిచేయనివ్వదు, ఫలితం తప్పుదోవ పట్టిస్తుంది. సొరంగం వంటి యంత్రంలో ముప్పావు గంట నుంచి గంట వరకు పడుకుని, చెప్పినప్పుడల్లా పది పదిహేను సెకన్లు ఊపిరి బిగపట్టాలి. ఇరుకు చోటంటే భయం ఉంటే ముందే చెబితే తగిన ఏర్పాటు చేస్తారు.

ఇదంతా మెట్లెక్కితే వచ్చి కూర్చుంటే తగ్గే నొప్పికే. ఊరికే కూర్చున్నప్పుడు నొప్పి వచ్చినా, కొద్ది నిమిషాల్లో తగ్గకపోయినా, చెమటలు పట్టినా ఎం.ఆర్.ఐ. తేదీ కోసం ఆగకుండా 108కి ఫోన్ చేసి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.