మే నెలలో డీప్ సీ ఫిషింగ్‌కి పోదామనుకుంటున్న మిర్యాలగూడ తమ్ముళ్లకి

మీ ప్రశ్న చదివిన తమ్మీ. ముగ్గురు దోస్తులు, మే రెండో వారంల వైజాగ్ పోయి చేపల బోటు మాట్లాడుకుని నాలుగైదు రోజులు సముద్రం లోపలికి పోవాలె, ఎండకి ఏమేం పట్టుకపోవాలె అని అడిగిన్రు. ఒకతనికి బీపీ గోళీలు నడుస్తున్నయి అని కూడా రాసిన్రు. కింద "నల్లగొండ ఎండలు చూసినోళ్లం, సముద్రం మీద చల్లగనే ఉంటది కదా" అని ఒక మాట ఉంది చూడు, ఆ మాట చదివినంకనే నేను రాయకుండ ఉండలేకపోయిన, ఎందుకంటే సరిగ్గా ఆ ధీమాతోనే నేను పోయిన, రెండో రోజే పడిపోయిన.

ముందు డేట్ సంగతి. మేల కుదరదు. తూర్పు తీరం అంతటా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట బంద్ ఉంటది, చేపలు గుడ్లు పెట్టే కాలం అని ఇంజన్ ఉన్న పడవలన్నిటినీ ఆపేస్తరు. ఆ రెండు నెలలు వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌కి పోతే బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉంటయి, ఒక దిక్కు ఇంజన్లు ఇప్పి రిపేర్లు, ఇంకో దిక్కు రంగులు, వలలు అల్లుకునుడు. ఎవరన్న "నేను తీస్కపోతా పైసలియ్యి" అన్నరంటే అది దొంగ ట్రిప్పే, కోస్ట్ గార్డ్ పట్టుకుంటే బోటు పాయె, మీ లీవులు పాయె. ఇంకోటి, వేట బోట్లు ప్యాసింజర్లని ఎక్కించుకునేటివి కావు. లోపలికి పోయేటోళ్ల పేర్లు, గుర్తింపు కార్డులు చూస్తరు, ఏమన్న అయితే ఇన్సూరెన్స్ కళాసీలకి, అంటే బోటు మీద పనిచేసేటోళ్లకి వర్తిస్తది గానీ సరదాకి ఎక్కినోళ్లకి వర్తించదు. మత్స్యశాఖ ఆఫీసుకి పోయి అడిగి, పర్మిషన్ ఉన్న దారిలనే పోవాలె. అచ్చంగా గాలం వేట సరదానే కావాలంటే అండమాన్‌ల దానికనే చార్టర్ బోట్లు ఉన్నయి, ఖర్చు ఎక్కువ, కానీ రూల్ ప్రకారం ఉంటది.

నేను ఎట్ల పోయినంటే, మాది దేవరకొండ. మా అవతల సాగర్ వెనక నీళ్ల ఒడ్డుకు వైజాగ్ కాలనీ ఉంది కదా, ఫ్రై చేపలకి ఇప్పుడు మస్తు మంది పోతున్నరు, అది విశాఖ దిక్కు నుంచి వచ్చి స్థిరపడ్డ జాలరోళ్ల ఊరు. నా దోస్తు ఒకడు ఆ ఊరోడే, వాడి మేనమామ వైజాగ్‌ల బోటు సరంగు, అంటే బోటు నడిపించే పెద్ద. నేను డీజిల్ ఇంజన్ మెకానిక్ పని నేర్చుకుంటున్న రోజులల్ల ఆ మామనే నన్ను హార్బర్ దగ్గర షెడ్డుల పెట్టించిండు. 2017 మార్చి ఆఖర్ల ఒక బోటు ఇంజన్ మొత్తం ఇప్పి బిగించినం, ఫస్ట్ ట్రిప్పుకి మెకానిక్ వెంబడి ఉండాలె అని ఓనరు అంటే నన్ను పంపిన్రు, ఓనరే పేరు రాయించిండు. అయిదు రోజుల ట్రిప్పు, మామతోని కలిపి ఏడుగురం.

ఇప్పుడు ఎండ సంగతికి వస్తా. మన దగ్గర మేల 44, 45 డిగ్రీలు కొడుతది, కానీ గాలి పొడిగ ఉంటది, చెమట పట్టినట్టే ఆరిపోతది, ఆరినప్పుడే ఒంట్ల వేడి బయటికి పోతది. సముద్రం మీద 32, 33 డిగ్రీలే ఉంటది, చెప్తే ఇంతేనా అనిపిస్తది, గానీ ఆ గాలి నిండ తేమనే, చెమట కారుతనే ఉంటది, ఆరదు. అంగి పిండితే నీళ్లు వస్తయి, ఒళ్లు మాత్రం చల్లబడదు. అంటే ఉప్పు పోతది, నీళ్లు పోతయి, వేడి లోపల్నే ఉంటది. పైనుంచి బోటు నడుస్తుంటే ముఖానికి గాలి కొడుతుంటది కాబట్టి వేడి తెలియదు, దాహం కూడ ఆలస్యంగ తెలుస్తది. మన దగ్గరనైతే పొద్దున పదింటికి యాప చెట్టు కిందికి పోవాలని ఒళ్లే చెప్తది, అక్కడ ఆ గాలి మనల్ని మోసం చేస్తది. ఎండ కూడ ఒక్క పైనుంచే రాదు, నీళ్ల మీద పడి కింది నుంచి కూడ కొడుతది, టోపీ పెట్టుకున్నా గానీ నాకు గదవ కింద, ముక్కు రంధ్రాల అంచులకి తోలు ఊడింది.

మొదటి రాత్రి అలల ఊపుకి, డీజిల్ వాసనకి రెండు మూడు సార్లు కక్కుకున్న. మెకానిక్ అని పేరు పెట్టుకుని వచ్చినోణ్ణి, పండుకుంటే బాగుండదని తెల్లారి లేచి ఇంజన్ రూముల దిగిన, ఆ రూముల వేడి సంగతి చెప్పొద్దు. ఏం తినలే, నీళ్లు గుటకెడు గుటకెడు. పదకొండు ఆ టైంకి పైకి వచ్చి ముందు దిక్కు నిలబడ్డ, వాళ్లు గాలాల తాడు గుంజుతున్నరు, కోనాం (వంజరం చేప) ఒకటి వచ్చింది, గాలి హాయిగ ఉంది, పిక్కలు పట్టుకుంటున్నయి అయినా నిలబడి చూస్తున్న. తర్వాత ఒక నట్టు బిగించాలె అని పద్నాలుగు-పదిహేను స్పానర్ కోసం వెతుకుతున్న, డబ్బాల వెతికిన, తాళ్ల కింద వెతికిన, కళాసీ ఒకాయన నా చెయ్యి పట్టుకుని పైకి లేపి చూపించిండు, స్పానర్ నా చేతిలనే ఉంది. నేను దాన్ని చూసి కూడ ఇది కాదు అన్ననట. ఆ మాట నాకు యాదికి లేదు.

మామ పరిగెత్తుకుంటూ వచ్చి "ఏటిరా బాబూ, నీడలో కూకోక ఎండలో ఏటి పని నీకు" అని తిడుతనే టార్పాలిన్ కిందికి ఈడ్చిండు. అంగి ఇప్పి, సముద్రం నీళ్లల్ల ముంచిన తువ్వాల ఒంటి మీద కప్పి, ఐస్ ముక్కలు గుడ్డల చుట్టి మెడకి, చంకలకి పెట్టిండు, ఒకాయన అట్ట ముక్కతోని విసురుతనే ఉన్నడు. కొంచెం తెలివి వచ్చి మాట సాఫ్ అయినంకనే గంజి ఇచ్చిండు, ఉప్పేసి, చెంచాతోని, కక్కకుండ కొంచెం కొంచెం, దగ్గర దగ్గర రెండు గంటలు పట్టింది. నాకు మూత్రం వచ్చింది ఎప్పుడో తెలుసా, పొద్దుగూకినంక. నా అదృష్టం, ఆ మనిషికి ఇది తెలుసు. మనిషి తికమకగ మాట్లాడుతుండు, ఒళ్లు కాలిపోతుంది అంటే అది వడదెబ్బ దాకా పోయినట్టే, అప్పుడు నోట్ల నీళ్లు పోసుడు కాదు, ముందు ఒళ్లు చల్లార్చాలె, తెలివి తప్పినోనికి నీళ్లు తాపితే ఊపిరితిత్తులల్లకి పోతయి. వెంటనే బోటుల ఉండే వీహెచ్ఎఫ్ రేడియో సెట్ మీద 16వ ఛానల్‌ల చెప్పి ఒడ్డుకు తిప్పాలె. ఫోన్ సిగ్నల్ ఉన్నంత దూరంల అయితే కోస్ట్ గార్డ్ నంబరు 1554. సిగ్నల్ మాత్రం కొన్ని గంటలకే పోతది, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

మిగిలిన మూడు రోజులు వాళ్లు ఎట్ల ఉంటున్నరో చూసుకుంట కూసున్న, అదే మీకు చెప్పేది. ఎవ్వరూ అంగి ఇప్పరు. పాత కాటన్ ఫుల్ చేతుల అంగి, తలకు తడి తువ్వాల. బరువు పని అంతా తెల్లారుజామున, పొద్దుమూకినంక. నడిమిట్ల పదకొండు నుంచి మూడున్నర దాకా డ్యూటీ ఉన్నోళ్లు తప్ప అందరు నీడల పండుకుంటరు. దాహం అయినా కాకున్నా నీళ్ల డ్రమ్ము దగ్గరికి పోయినప్పుడల్లా ఒక గ్లాసు. మీరు మనిషికి రోజుకి అయిదు లీటర్లకి తక్కువ కాకుండ తాగే నీళ్లు లెక్కేసుకోండ్రి, ట్రిప్పు కన్న రెండు రోజులు ఎక్కువకి, ఇంజన్ ఆగితే అక్కడ బావి లేదు. సముద్రం నీళ్లు ఒక్క గుక్క కూడ వద్దు, లీటరుకి 30 గ్రాముల పైనే ఉప్పు ఉంటది, దాన్ని బయటికి పంపేటందుకు ఒంట్ల ఉన్న నీళ్లే ఖర్చయితయి.

ఉత్త నీళ్లే తాగినా లాభం లేదు, ఉప్పు పోతున్నది కదా. ఓఆర్ఎస్ ప్యాకెట్లు మనిషికి రోజుకి రెండు మూడు పెట్టుకోండ్రి, ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లల్ల కలుపమన్నడో అన్ని నీళ్లల్లనే కలపాలె. అయిపోతే లీటరు నీళ్లకి ఆరు టీ స్పూన్ల చక్కెర, అర టీ స్పూన్ ఉప్పు. మీరు నకిరేకల్ దిక్కు నుంచి నిమ్మకాయలు ఒక సంచి పట్టుకపోండ్రి, వారం దాకా ఏం కావు, కక్కుడు వచ్చినప్పుడు ఆ వాసన చూసినా పానం లేస్తది, కళాసీలు కూడ సంబురపడ్తరు. మందు, కల్లు మాత్రం బోటు ఎక్కనీయకుండ్రి. తాగినోడు ఎక్కువ సార్లు మూత్రానికి పోతడు, నీళ్లు మరింత పోతయి, రాత్రి పూట బోటు అంచుకు నిలబడి పోసుకునేటప్పుడు జారి పడితే ఎవరికీ తెలియదు.

వాంతుల గోళీ విషయంల ఒక మాట. బోటు ఎక్కినంక వేసుకుంటే కక్కేస్తరు, పోయే ముందు రాత్రే వేసుకోవాలె, అయితే వాటిల్ల కొన్ని గోళీలు నిద్ర తెప్పిస్తయి, చెమట పట్టుడు కూడ తగ్గిస్తయి, చెమట తగ్గితే ఒంట్ల వేడి ఇంకా పెరుగుతది. అందుకే డాక్టర్‌ని అడిగినప్పుడు "ఎండల, సముద్రం మీద" అని తప్పకుండ చెప్పాలె.

చేపలు తిందామని పోతున్నరు కాబట్టి ఇది కూడ. ట్యూనా, కోనాం, కానాగంతలు అసొంటి చేపలు పట్టినంక ఎండల గంటలు గంటలు పడేస్తే వాటిల్ల హిస్టమిన్ అని ఒకటి తయారైతది, ఎంత మరిగించినా అది పోదు, తింటే ముఖం ఎర్రగయి దద్దుర్లు, తలనొప్పి. ఫోటోల కోసం చేపని డెక్ మీద పెట్టి ఆడుకోవద్దు, పట్టంగనే రక్తం కార్చి, పేగులు తీసి, చేప ఎంత బరువుంటే అంత ఐస్ వేసి కప్పాలె. ఆ ఐస్ తాగే నీళ్లల్ల వేసుకునేది కాదు, మామ నాకు కూడ దాన్ని పైపైననే పెట్టిండు.

జూన్ 15 తర్వాత బోట్లు కదులుతయి కానీ అప్పటికి వానాకాలం మొదలు, అలలు పెద్దగుంటయి. నన్నడిగితే వచ్చే ఫిబ్రవరి, మార్చి మొదట్ల పెట్టుకోండ్రి. ఏ నెలల పోయినా మన హైదరాబాద్ ప్రగతినగర్‌ల ఉన్న ఇన్‌కాయిస్ (సముద్రం సమాచారం చెప్పే కేంద్ర సర్కారు సంస్థ) వాళ్లు అలల ఎత్తు, గాలి, చేపలు దొరికే చోటు రోజూ చెప్తుంటరు, పోయే ముందు అది చూసుకుని, సరంగు వద్దంటే మారు మాట్లాడకుండ వెనక్కి రావాలె. ఈలోపు వైజాగ్ కాలనీ ఒడ్డుకు పోయి, అక్కడి పెద్దమనుషులతోని ఒక పగలు పుట్టిల కూసొని చూడుండ్రి, ఎవరికి ఎంత సేపటికి తల తిరుగుతదో అక్కడ తెలుస్తది, తిరిగితే పది నిమిషాలల్ల ఒడ్డుకు రావొచ్చు.

బీపీ తమ్ముని సంగతి. కొన్ని బీపీ గోళీలు నీళ్లని మూత్రంల పంపించేసేటివి ఉంటయి, అసొంటివి వేసుకునేటోళ్లకి ఆ ఉక్కపోతల నాకన్న తొందరగ కళ్లు తిరుగుతయి, అట్లని సొంతంగ గోళీ బంద్ చేసుడు కూడ తప్పే. ఓఆర్ఎస్‌ల ఉప్పు ఉంటది కాబట్టి అది ఎంత తాగొచ్చో కూడ ఆయనకి డాక్టరే చెప్పాలె. గోళీల చీటీ పట్టుకుని పోయి, అయిదు రోజులు ఆసుపత్రి లేని చోట ఉంటా అని సాఫ్‌గ చెప్పమనుండ్రి. డాక్టర్ వద్దన్నడంటే అడ్వాన్స్ ఇద్దరికే కట్టుండ్రి.