పనిచేస్తున్న ప్రోగ్రామ్‌ని మా అమ్మాయి మళ్ళీ ఎందుకు రాస్తోంది?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం. హాస్టల్ మెస్ బిల్లులు లెక్కకట్టే ప్రోగ్రామ్ ఒకటి రాసింది. అది బాగానే పనిచేస్తోంది. అయినా రెండు నెలలుగా దాన్నే విప్పి మళ్ళీ రాస్తోంది. కొత్త ఫీచర్ ఒక్కటీ చేర్చలేదు. అడిగితే "రీఫ్యాక్టరింగ్ నాన్నా" అంటుంది. మా బావమరిది కొడుకు మూడు నెలల జనరేటివ్ ఏఐ కోర్సు చేసి హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాడు. ఇప్పుడు కోడ్ అంతా ఏఐయే రాసేస్తోందట. అలాంటప్పుడు అమ్మాయి చేసే పనికి భవిష్యత్తు ఉంటుందా? ఆ కోర్సులో చేర్పించమంటారా? రెండింటినీ పోల్చి చెప్పగలరు.
– ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: పోల్చి చెబుతాను సార్. దానికి ముందు ఒక మాట. బావమరిది కొడుకు ఏ కోర్సు చేశాడో, ఎన్ని నెలలు చేశాడో, ఏ ఊళ్ళో చేరాడో అన్నీ రాశారు. మీ అమ్మాయి ఈ రెండు నెలల్లో ఆ ప్రోగ్రామ్‌లో ఏం మార్చిందో ఒక్క ముక్క రాయలేదు. "ఎందుకిదంతా?" అని అడిగి ఉంటారు. "ఏదీ, చూపించు" అని అడిగినట్టు లేరు. ఇలాంటి ఉత్తరాలు నాకు వస్తూనే ఉంటాయి. కోర్సు పేరొక్కటే మారుతుంది: అప్పట్లో బిగ్ డేటా, ఆ తర్వాత బ్లాక్‌చెయిన్, డేటా సైన్స్, ఇప్పుడు ఏఐ. లోపలి భయం మాత్రం ఒకటే. చుట్టాల పిల్లలంతా బస్సెక్కేశారు, మన పిల్ల ఒక్కతే స్టాండ్‌లో నిలబడిపోయింది అని.

ఆమె ఏం చేస్తోందో నాకు తెలిసినంతలో చెబుతాను. రీఫ్యాక్టరింగ్ అంటే, వచ్చే ఫలితం మారకుండా కోడ్‌ని లోపల సర్దడం. మెస్‌లో రోజు రేటు 110 రూపాయలనుకోండి. మొదటిసారి రాసేటప్పుడు ఎవరైనా ఆ 110ని తోచిన చోటల్లా నేరుగా కొట్టేస్తారు. నెల బిల్లులో ఒకసారి, సెలవుల తగ్గింపులో ఒకసారి, అతిథుల భోజనం దగ్గర ఒకసారి, రసీదులో ఇంకోసారి. జనవరిలో వార్డెన్ రేటు 120 చేస్తాడు. మూడు చోట్ల మారుస్తారు, అతిథుల దగ్గర మర్చిపోతారు. ప్రోగ్రామ్ ఆగదు, ఎర్రరూ రాదు. నెలాఖరుకి లెక్క తేలదు, తప్పు ఎక్కడుందో ఎవరికీ అంతుపట్టదు. ఆ అంకెకి 'రోజు రేటు' అని పేరు పెట్టి ఒక్కచోటే ఉంచితే ఈ గొడవే ఉండదు. అలాగే 'డి', 'డి2', 'టెంప్' అనే వేరియబుల్స్‌కి, అంటే ప్రోగ్రామ్‌లో అంకెలు దాచుకునే డబ్బాలకి, 'హాజరైన రోజులు', 'సెలవు రోజులు' అని పేర్లు పెట్టాలి. రెండొందల లైన్ల ఫంక్షన్‌ని (ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్కని) విడగొట్టి, సెలవు తగ్గింపు ఒక దాంట్లో, అతిథుల బిల్లు ఒక దాంట్లో పెట్టాలి. 'ఇలా అయితే' అని చూసే ఇఫ్ లోపల ఇఫ్, దాని లోపల ఇంకో ఇఫ్ పెట్టుకుంటూ పోకుండా, గది ఖాళీ చేసిన విద్యార్థి అయితే బిల్లు సున్నా అని మొదటి లైన్లోనే తేల్చేసి బయటపడాలి. ఇదంతా చేశాక కూడా చివర్లో వచ్చే బిల్లు పైసా మారకూడదు. రీఫ్యాక్టరింగ్‌కి ఉన్న షరతు అదే. కొత్త ఫీచర్ చేర్చలేదని మీరు ఫిర్యాదు చేస్తున్నారు. ఆ పనిలో ఉన్నప్పుడు చేర్చకూడదు మరి.

ఇది నిన్నమొన్న పుట్టిన మోజు కాదు. 1992లోనే అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీలో విలియం ఆప్డైక్ దీని మీద పీహెచ్‌డీ చేశాడు. అంతెందుకు, 1990ల చివర్లో అమీర్‌పేటలో కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష, మెయిన్‌ఫ్రేమ్స్ అనే పెద్ద కంప్యూటర్ల పని నేర్చుకుని అమెరికా వెళ్ళినవాళ్ళు మీ చుట్టాల్లోనూ ఉండే ఉంటారు. వాళ్ళక్కడ చేసిందేంటి? పాత ప్రోగ్రామ్‌లు సంవత్సరాన్ని రెండంకెల్లోనే దాచుకునేవి. 2000 వస్తే 00 అవుతుంది, దాన్ని 1900 అనుకుంటాయి. ఎవరో ఎప్పుడో రాసి వెళ్ళిపోయిన కోడ్‌ని లైను లైనూ చదివి, తేదీ ఉన్న ప్రతి చోటా పట్టుకుని, మిగతాదేదీ చెడకుండా సరిచేయడమే మనవాళ్ళలో చాలామందికి దొరికిన పని. కొత్తది కట్టినందుకు కాదు, పాతది చదవగలిగినందుకు వాళ్ళకి వీసాలు వచ్చాయి. ఇవాళ అదే పనికి 'సపోర్ట్ ప్రాజెక్ట్' అని పేరు పెట్టి పిల్లలు మొహం ముడుచుకుంటున్నారు.

చదవకుండా వదిలేస్తే ఏమవుతుందో చెప్పడానికి నేను పిల్లలకి ఒక సంఘటన చెబుతుంటాను. నైట్ క్యాపిటల్ అని అమెరికాలో షేర్ల ట్రేడింగ్ సంస్థ ఉండేది. 'పవర్ పెగ్' అనే పాత కోడ్‌ని వాడటం 2003లో ఆపేశారు గానీ తీసెయ్యలేదు. ఎన్ని షేర్లయ్యాక ఆగాలో లెక్కచూసే భాగాన్ని 2005లో వేరే చోటికి జరిపారు, జరిపాక ఆ పాత కోడ్‌ని మళ్ళీ టెస్ట్ చేయలేదు. 2012లో కొత్త ప్రోగ్రామ్‌కి ఆ పాత స్విచ్చినే వాడుకున్నారు. ఎనిమిది సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ ఎక్కించడం మర్చిపోయారు. ఆగస్టు 1 పొద్దున్న ఆ ఒక్క సర్వర్లో పాత కోడ్ లేచి, ఆపేవాడు లేక ఆర్డర్లు పంపుతూనే పోయింది. ముప్పావుగంటలో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం. ఇందులో మీ అమ్మాయికీ ఒక హెచ్చరిక ఉంది, ఆ సంగతి కిందకి వచ్చాక చెబుతాను.

ఇక ఏఐ కోర్సు. ఏఐ కోడ్ రాస్తోంది, నిజమే, కాదనను. కోడ్ రాసిపెట్టే గిట్‌హబ్ కోపైలట్ 2021లో వచ్చింది, ఆ మరుసటి ఏడు చివర్లో చాట్‌జీపీటీ వచ్చింది. ఇవాళ ఇంజనీర్లు ఇలాంటివి రోజూ వాడుతున్నారు. మీ అమ్మాయి కూడా వాడాలి. నా అనుమానం వాటి మీద కాదు, మూడు నెలల కోర్సుల మీద. నేను చూసిన సిలబస్‌లలో ఎక్కువ భాగం ఎవరో తయారుచేసిన ఏఐ మోడల్‌కి ప్రశ్న పంపి జవాబు తెచ్చుకోవడమే. ఒక పీడీఎఫ్ ఇచ్చి చాట్‌బాట్ చేయిస్తారు. బ్యాచ్ మొత్తానిదీ అదే చాట్‌బాట్. ఇంటర్వ్యూలో "ఈ లైన్ ఎందుకు పెట్టారు?" అంటే తల దించుకుంటారు. డబ్బిచ్చి రెడీమేడ్ ఫైనలియర్ ప్రాజెక్టులు కొనుక్కొచ్చిన వాళ్ళదీ ఇదే పరిస్థితి. పైగా ఆ కోర్సుల్లో వాడే లైబ్రరీలు, అంటే ఇతరులు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్, నెలనెలా మారిపోతున్నాయి. సర్టిఫికెట్ చేతికొచ్చేసరికి నేర్చుకున్న కమాండ్లలో కొన్ని పనిచేయవు.

ఇంకో సంగతి. ఏఐ నిమిషంలో మూడొందల లైన్లు ఇస్తుంది. చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది. ఒకే లెక్కని మూడు చోట్ల మూడు రకాలుగా రాసి ఉండొచ్చు. పేర్లు మార్చమన్నా, ఫంక్షన్ విడగొట్టమన్నా అదే చేసిపెడుతుంది. అంటే మీ అమ్మాయి చేతిపనిలో కొంత యంత్రానికి పోతుంది, ఆ మాట దాచను. కానీ మార్చాక బిల్లు పైసా మారలేదని ఎవరు చెప్పాలి? ఆ కోడ్‌ని లోపలికి రానివ్వాలో వద్దో ఎవరు సంతకం పెట్టాలి? ఎంత కోడ్ పుడితే అంత చదవాలి కదా. కోర్సు చేసి ఉద్యోగం తెచ్చుకున్న ఆ కుర్రాణ్ణి తక్కువ చేయడం లేదు. అతనికి అంతకుముందే ఏం వచ్చో మీకూ తెలియదు, నాకూ తెలియదు.

ఇవి అమ్మాయికి చదివి వినిపించండి. అమ్మా, ఏదైనా కదిపే ముందు టెస్టులు రాసుకో. నెలంతా ఉన్న విద్యార్థి, పది రోజులు సెలవు పెట్టినవాడు, నెల మధ్యలో ఖాళీ చేసినవాడు, అతిథిని తెచ్చినవాడు, వీళ్ళందరికీ రావాల్సిన బిల్లులు, నువ్వు రాసింది పైథాన్ భాషలో అయితే, పైటెస్ట్ అనే టెస్టులు నడిపే సాధనంలో పెట్టు. ఒక్క మార్పు చెయ్యి, టెస్టులు నడుపు, గిట్‌లో కమిట్ చెయ్యి (మార్పుల చరిత్రలో దాచిపెట్టు), తర్వాతే రెండోది. టెస్ట్ లేకుండా కదిపితే అది 2005లో నైట్ క్యాపిటల్ వాళ్ళు చేసిన పనే. రెండు నెలలు చాలు, ఇక ఆ ప్రోగ్రామ్‌ని వదిలెయ్. మీ సీనియర్ ఎవరైనా రాసిన కోడ్ తీసుకుని దాని మీద చెయ్యి. సొంత కోడ్ సర్దుకోవడం తేలిక, అసలు కష్టం ఎదుటివాళ్ళది చదవడంలోనే ఉంది. ఇంకొకటి, క్యాంపస్ ఆన్‌లైన్ టెస్టులో నీ కోడ్ ఎంత చక్కగా ఉందో ఎవరూ చూడరు, జవాబు వచ్చిందా లేదా అంతే. రోజూ ఓ గంట ఆ ప్రాక్టీసూ చేయాల్సిందే, మొహమాటం లేదు. ఆ గడప దాటి ఇంటర్వ్యూలో కూర్చున్నాక మాత్రం మొదటి కమిట్, చివరి కమిట్ పక్కపక్కన తెరిచి చూపించు.

పోలిక చెబుతానని చెప్పి మీకు ధైర్యం చెప్పడంతోనే సరిపెట్టానంటారేమో. ఒక్క మాటలో చెబుతాను: కోర్సు ఆర్నెల్ల తర్వాత కూడా చేయొచ్చు, అప్పటికి ఇంకా మంచిది రావచ్చు, ఉచితంగానూ దొరకొచ్చు. ఆమెకి వచ్చిన ఈ ఓపిక ఇప్పుడు ఆపిస్తే మళ్ళీ మీరు డబ్బు కట్టినా రాదు. నెలాఖరులోపు చేరితే ఫీజులో ముప్పై శాతం తగ్గింపని ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఫోన్ చేశారని మీ ఉత్తరం కింద చిన్న అక్షరాల్లో రాశారు. కంగారు పడకండి, ఆ తగ్గింపు వచ్చే నెల కూడా ఉంటుంది.