నిషేధిత పుస్తకాలతో కట్టిన పార్థెనాన్ అంటే ఏమిటి?

అర్జెంటీనా కళాకారిణి మార్తా మినుహిన్ ఒకే ఆలోచనతో రెండుసార్లు, రెండు దేశాల్లో నిలిపిన కట్టడం ఇది. 1976 నుంచి సాగిన సైనిక పాలన ముగియగానే, 1983 డిసెంబరులో ఆమె బ్యూనస్ ఎయిరిస్ నగర వీధిలో ఇనుప గొట్టాలతో పార్థెనాన్ అనే ఏథెన్సు ప్రాచీన ఆలయపు నమూనాను నిలబెట్టి, ఆ పాలకులు నిషేధించిన సుమారు 20 వేల పుస్తకాలను దానికి తొడిగారు. ప్రజాస్వామ్యానికి పుట్టిల్లుగా పేరుపడిన నగరపు ఆలయం కాబట్టే ఆ రూపాన్ని ఎంచుకున్నారు.

2017లో జర్మనీలోని కాసెల్‌లో, డాక్యుమెంటా అనే కళా ప్రదర్శన కోసం, అసలు పార్థెనాన్ అంత పొడవు వెడల్పులతో దాన్ని మళ్లీ కట్టారు. 1933 మే నెలలో నాజీలు సుమారు 2 వేల పుస్తకాలను తగలబెట్టిన చౌకులోనే దాన్ని నిలిపారు. ఆ పక్కనే ఉన్న గ్రంథాలయంలోని లక్షలాది పుస్తకాలు 1941 బాంబు దాడిలో కాలిపోయాయి. ఒకప్పుడు ఏదో ఒక దేశంలో నిషేధానికి గురైన పుస్తకాలను జనమే తెచ్చి ఇవ్వగా, వాటిని వాన తగలకుండా ప్లాస్టిక్‌లో చుట్టి స్తంభాలకు కట్టారు.

ఆలయం నిలబడి ఉన్నంతసేపూ ఆ పుస్తకాలను తెరిచి చదవడం కుదరదు, కాస్త విడ్డూరమే. అందుకే నా దృష్టిలో కట్టడం కంటే దాన్ని విప్పడమే అసలు కళ: రెండుచోట్లా చివరికి ఆ పుస్తకాలను పాఠకులకు పంచిపెట్టారు.