గురుడు అలుక్కుపోతున్నాడా?

ప్రశ్న: నాది 6 అంగుళాల రిఫ్లెక్టర్ (అద్దంతో పనిచేసే టెలిస్కోప్). ఐపీస్‌లో (కన్ను పెట్టి చూసే కటకంలో) గురుగ్రహం చారలు చక్కగా కనిపిస్తాయి. ఫోన్‌తో తీస్తే తెల్లటి చుక్కే వస్తోంది. ఫోన్ మార్చాలా?

జవాబు: అక్కర్లేదు. తెర నిండా చీకటే ఉండడంతో ఫోన్ వెలుగు పెంచేస్తుంది, అందులో చారలు కొట్టుకుపోతాయి. గ్రహం మీద వేలు నొక్కిపట్టి ఫోకస్, ఎక్స్‌పోజర్ (కెమెరా వెలుగు తీసుకునే మోతాదు) లాక్ చెయ్యండి. తర్వాత గ్రహం మసకబారేదాకా వెలుగు తగ్గించండి. ఫోన్‌ను చేత్తో పట్టుకోకుండా ఐపీస్‌కు అడాప్టర్‌తో బిగించండి.

ప్రశ్న: టెలిస్కోప్ ఎఫ్/8 (ఫోకల్ పొడవు వ్యాసానికి 8 రెట్లు), వ్యాసం 150 మిల్లీమీటర్లు. 2.9 మైక్రాన్ల పిక్సెళ్లున్న కెమెరాకు 3ఎక్స్ బార్లో (బొమ్మను మూడు రెట్లు పెంచే కటకం) పెట్టి, గురుణ్ని పది నిమిషాలు వీడియో తీసి స్టాక్ చేశాను (ఫ్రేములను ఒకదానిమీద ఒకటి పేర్చి ఒకే ఫోటో చేశాను). పెద్దగా వచ్చాడు కానీ అంతా అలుక్కుపోయింది.

జవాబు: అసలు దోషం ఆ పది నిమిషాలదే. గురుడు 10 గంటల్లోపే ఒక చుట్టు తిరుగుతాడు, అంటే పది నిమిషాల్లో 6 డిగ్రీలు. బింబం 45 ఆర్క్ సెకన్లున్నప్పుడు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) నడిమధ్యనున్న మచ్చ సుమారు 2.3 ఆర్క్ సెకన్లు జరుగుతుంది. మీ అద్దం ఒక ఆర్క్ సెకను కంటే సన్నని వివరాన్నే విడదీయగలదు కదా, ఇక మిగిలేదేముంది! రెండు నిమిషాలకే ఆపండి. 10 మిల్లీసెకన్ల ఎక్స్‌పోజర్‌తో సెకనుకు 100 ఫ్రేముల చొప్పున 12,000 వస్తాయి. ఫ్రేములు ఏరి పేర్చే సాఫ్ట్‌వేర్ ఆటోస్టాకర్ట్‌లో మేలైన 10 నుంచి 20 శాతమే ఉంచండి. గాలి బాగా కదిలిన రాత్రి 10 శాతమూ ఎక్కువే.

బార్లో కూడా ఎక్కువైంది. మైక్రాన్లలో పిక్సెల్ సైజుకు సుమారు అయిదు రెట్ల ఎఫ్ నిష్పత్తి చాలు: మీకు ఎఫ్/14.5 దగ్గర, అంటే 2ఎక్స్ బార్లో (ఎఫ్/16). అంతకు మించితే బొమ్మ పెరుగుతుంది, వివరం పెరగదు, వెలుగు మాత్రం తగ్గుతుంది.

టెలిస్కోప్‌ను గంట ముందే ఆరుబయట పెట్టండి. వేడి పోయిందో లేదో చూడాలంటే ఒక ప్రకాశవంతమైన నక్షత్రాన్ని ఫోకస్ తప్పించండి. అప్పుడు కనిపించే వలయాల మధ్య పొగలాంటి తెర పైకి పాకుతుంటే ఇంకా ఆగాలి. చివరగా రెజిస్టాక్స్ సాఫ్ట్‌వేర్‌లో వేవ్‌లెట్లు (వివరాలకు పదును పెట్టే మీటలు) అతిగా లాగొద్దు. గ్రహం అంచున ఉల్లిపొర లాంటి వలయం కనిపించిందంటే ఒక మెట్టు వెనక్కి రండి.

ప్రశ్న: పౌర్ణమినాడు చంద్రుడి గుంటలు ఎందుకు చప్పగా వస్తాయి?

జవాబు: ఆ రోజు వెలుగు నేరుగా పడుతుంది, నీడలుండవు. శుక్ల నవమి, దశమి నాడు వెలుగు చీకట్ల సరిహద్దు దగ్గర కోపర్నికస్‌ను తియ్యండి. 93 కిలోమీటర్ల ఆ గుంట గోడలకు మెట్లున్నాయని అప్పుడు తెలుస్తుంది.