మా మండలానికి కోర్టు అడిగితే బడ్జెట్ లేదంటున్నారు, ఇది కరెక్టేనా?

ప్రశ్న: సార్ నమస్తే. మాది అనంతపురం జిల్లా, కర్ణాటక బార్డర్ పక్క మండలం. ఏ కేసుకైనా కళ్యాణదుర్గం పోవాల్సిందే, రెండు బస్సులు మారాల. మా నాయన కాలం నుంచి పొలం భాగాల దావా నడుస్తాంది. మా మండలంలో చిన్న కోర్టు పెట్టండని అర్జీ ఇస్తే, కోర్టంటే కోట్లతో పని, బడ్జెట్ లేదు అన్నారు. నిజంగా అంత ఖర్చు అవుతుందా? ఆ డబ్బు ఎవరు పెట్టాలి? ఊరంతా చందాలేసుకుని స్థలం ఇస్తే పనవుతుందా, హైకోర్టులో రిట్ వేయొచ్చా? కొత్త కోర్టు వస్తే మా కేసు మళ్లీ మొదటి నుంచా, కోర్టు ఫీజు మళ్లీ కట్టాలా?

జవాబు: అన్నా, ముందు ఖర్చు సంగతే మాట్లాడుకుందాం, ఎందుకంటే ఈ "కోట్లు" అనే మాట చెప్పే చాలామంది అర్జీదారుల్ని వెనక్కి పంపించేస్తారు.

కోర్టు ఖర్చు రెండు రకాలు. ఒకటి బిల్డింగు, జడ్జి గారి క్వార్టర్సు, ఇది ఒక్కసారి పెట్టేది. రెండోది ఏటేటా ఉండేది, అంటే జీతాలు, కరెంటు, స్టేషనరీ, కంప్యూటర్లు, సమన్లు పట్టుకుని ఊర్లు తిరిగే ప్రాసెస్ సర్వర్ల ఖర్చు. మీరడిగే చిన్న కోర్టులో కూర్చునే జూనియర్ సివిల్ జడ్జి మూల వేతనం రెండో జాతీయ న్యాయ వేతన కమిషన్ ప్రకారం 77,840 రూపాయల దగ్గర మొదలవుతుంది, 2016 జనవరి 1 నుంచి లెక్క, దాని మీద డీఏ, మిగతా అలవెన్సులు. జడ్జి ఒక్కరే వస్తే కోర్టు నడవదు కదా, బెంచ్ క్లర్కు, స్టెనో, టైపిస్టు, కాపీలు ఇచ్చేవాళ్లు, అటెండర్లు అందరూ కావాలి. క్రిమినల్ కేసులుంటాయి కాబట్టి ప్రభుత్వం తరఫున వాదించే ఏపీపీ కూడా కావాలి.

అంతా కలిపి ఎంతవుతుందో అంచనాకి ఒక లెక్క చెప్తా. 2019లో కేంద్రం పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాలు), రేప్ కేసుల కోసం 1,023 ఫాస్ట్‌ట్రాక్ స్పెషల్ కోర్టులకు ఏడాదికి 767.25 కోట్లు అని స్కీమ్ పెట్టింది, భాగిస్తే కోర్టుకు సరిగ్గా 75 లక్షలు. అది ఒక జడ్జి, ఏడుగురు స్టాఫ్ లెక్కన. మీరడిగే కోర్టు వేరే రకం, రేట్లూ పెరిగాయి, కాబట్టి ఇంతే అవుతుందని నేను చెప్పను, కానీ ఏడాదికి కోట్లకు కోట్లు అనే మాట మాత్రం నిలవదు. కోట్లు అయ్యేది బిల్డింగుకు. దానికి కూడా 1993-94 నుంచి కేంద్ర ప్రాయోజిత పథకం ఉంది, మన రాష్ట్రానికి కేంద్రం 60, రాష్ట్రం 40. పైగా బిల్డింగు లేందే కోర్టు మొదలుపెట్టకూడదని ఎక్కడా లేదు, ఖాళీగా ఉన్న ప్రభుత్వ భవనంలోనో అద్దె భవనంలోనో మొదలైన కోర్టులు మన సీమలో నేనే ఎన్నో చూశాను.

ఇక రెండో వైపు లెక్క ఎవరూ వేయరు, నాకు బాధ అక్కడే. నా క్లయింటు ఒకావిడ, గట్టు తగాదా, తెల్లారి ఐదున్నర బస్సుకు సద్ది కట్టుకుని బయలుదేరుతుంది. పదిన్నరకు కోర్టు వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని పేరు పిలిచేదాకా చూస్తుంది, ఆ రోజు జడ్జి గారు లీవు, ఇంకో ఊరి జడ్జి గారు ఇన్‌చార్జ్, వాయిదా పడింది. తేదీ మర్చిపోతానేమో సార్ రాసియ్యి అని బస్సు టికెట్టు వెనక్కి తిప్పి ఇస్తుంది. అట్లాంటి టికెట్లు ఆవిడ కొంగుముడిలో ఒక కట్ట ఉన్నాయి. శెనక్కాయలు పీకే రోజుల్లో అయితే ఆ ఒక్కరోజు కూలీ పోవడం, తన చేనిలో పని ఆగిపోవడం రెండూ.

నేను ఒట్టి అంచనాగా వేస్తున్నా, రోజుకు 30 కేసులు, కేసుకు ముగ్గురు మనుషులు, మనిషికి చార్జీలు, కూలీ కలిపి 500 పోతాయనుకోండి, ఏడాదికి 200 పని దినాలకు 90 లక్షలు. కోర్టు దగ్గరికొస్తే అంతా మిగలదు, వాయిదాకు రావడం ఎట్లాగూ తప్పదు, సగం మిగిలినా 45 లక్షలు. ఈ డబ్బు ప్రభుత్వ పద్దుల్లో ఎక్కడా కనపడదు, ఎందుకంటే ఇది మీ జేబులోంచి పోతుంది.

డబ్బు ఎవరు పెట్టాలి అంటే రాష్ట్ర ప్రభుత్వమే. మీరు కట్టే కోర్టు ఫీజు కూడా ప్రభుత్వ ఖజానాకే పోతుంది, కోర్టు దగ్గర ఉండదు. సివిల్ కోర్టుల్ని 1972 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ కోర్టుల చట్టం కింద పెడతారు. మేజిస్ట్రేట్ కోర్టులైతే ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) 9వ సెక్షన్, హైకోర్టును సంప్రదించి రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇస్తుంది. అంటే హైకోర్టు సరే అన్నా ఆర్థిక శాఖ పోస్టులకు ఒప్పుకుని జీవో రాకపోతే ఫైలు కదలదు, ప్రభుత్వం సరే అన్నా హైకోర్టు అక్కర్లేదంటే అంతే. కలెక్టరాఫీసులోనో ఎమ్మెల్యే ఇంట్లోనో ఇచ్చిన అర్జీ ఒక్కటే సరిపోకపోవడానికి కారణం ఇదే.

డబ్బు లేదు అనే జవాబుకు చట్టంలో విలువెంత అంటారా, 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, నిధులు లేవనే సాకుతో ముద్దాయికి త్వరగా విచారణ జరిగే హక్కును ప్రభుత్వం కాదనకూడదని. 2002లో ఆలిండియా జడ్జెస్ అసోసియేషన్ కేసులో పది లక్షల జనాభాకు 50 మంది జడ్జిలు ఉండేలా ఐదేళ్లలో పెంచమంది. మంజూరైన పోస్టుల లెక్కన చూసినా ఇప్పటికీ మనం 21-22 దగ్గరే ఉన్నాం. అట్లని హైకోర్టులో రిట్, అంటే ప్రభుత్వానికి ఆదేశం ఇమ్మని అడిగే పిటిషన్, వేస్తే ఫలానా మండలంలో కోర్టు పెట్టండని నేరుగా ఆర్డర్ వస్తుందని ఆశ పెట్టుకోవద్దు, అది పాలసీ విషయం అంటారు. మీ అర్జీ మీద నిర్ణయం తీసుకోండి అనే డైరెక్షన్ రావచ్చు, దానికైనా ముందు సరైన చోట అర్జీ ఇచ్చుండాలి.

సరైన చోటు అంటే అనంతపురంలోని ప్రిన్సిపల్ డిస్ట్రిక్ట్ జడ్జి గారు. కళ్యాణదుర్గం బార్ (వకీళ్ల సంఘం) వాళ్లను కూడా కలుపుకోండి, కొంతమంది వకీళ్లు కేసులు తరలిపోతాయని ఒప్పుకోకపోవచ్చు, అయినా మాట్లాడండి. అర్జీలో బాధలు రెండు లైన్లు చాలు, మిగతా అంతా అంకెలుండాలి. మీ మండలం ఊర్ల కేసులు ఇప్పుడు ఎన్ని పెండింగ్ ఉన్నాయి, మీ పోలీస్ స్టేషన్ నుంచి ఏడాదికి ఎన్ని చార్జిషీట్లు పోతున్నాయి, ఎన్ని కిలోమీటర్లు, ఏ టైముకు బస్సు ఉంది, ఏ ప్రభుత్వ బిల్డింగు ఖాళీగా ఉంది, ఇవి రాయండి. పెండింగ్ లెక్క నేషనల్ జ్యుడీషియల్ డేటా గ్రిడ్‌లో కోర్టువారీగా ఎవరైనా చూడొచ్చు, ఊర్లవారీగా కావాలంటే ఆర్టీఐ వేయాలి.

ఒక మాట నిక్కచ్చిగా చెప్తా, కేసులు మరీ తక్కువుంటే ఫుల్‌టైమ్ కోర్టు అడగొద్దు, ఉన్న కొద్దిమంది జడ్జిల్లో ఒకర్ని అక్కడ ఖాళీగా కూర్చోబెట్టడం ఇంకో ఊరికి అన్యాయం. అప్పుడు వారానికి ఒకట్రెండు రోజులు క్యాంపు కోర్టు అడగండి. లేదా 2008 గ్రామ న్యాయాలయాల చట్టం ఉంది, రెండేళ్ల దాకా శిక్షపడే కేసులు, కాలువ నీళ్లు, బావి తగాదాల్లాంటివి అక్కడికక్కడే చూస్తారు, న్యాయాధికారి ఊర్లకే రావచ్చు. దానికి కేంద్రం ఒక్కసారికి 18 లక్షల దాకా, మొదటి మూడేళ్లు నడిపే ఖర్చులో సగం, అదీ ఏడాదికి 3.2 లక్షలు మించకుండా ఇస్తుంది. మూడేళ్ల తర్వాత భారమంతా రాష్ట్రానిదే, అందుకే రాష్ట్రాలు వెనకాడతాయి.

చందాలు వద్దన్నా. జడ్జి జీతం, కోర్టు ఖర్చు జనం చందాలతో నడిస్తే రేపు ఎక్కువ ఇచ్చినోడి కేసు ఏమైందని ఊరంతా అనుమానపడుతుంది. స్థలం ఇవ్వాలనుకుంటే ప్రభుత్వం పేరుమీద రెవెన్యూ ద్వారా, షరతులేవీ లేకుండా ఇవ్వండి, కోర్టులో కేసున్నోళ్లు మాత్రం దాతలుగా ఉండొద్దు, మీతో సహా.

కర్నూలు హైకోర్టు బెంచి వస్తే ఈ బాధ తీరుతుందని కొందరంటున్నారు. 2024 నవంబర్‌లో అసెంబ్లీ తీర్మానం అయింది, వస్తే చాలా సంతోషం, కానీ అది అప్పీళ్లకు, రిట్లకు. మీ దావాలో సాక్ష్యం నడిచేది కింది కోర్టులోనే.

ఆఖరిది మీ కేసు సంగతి. కొత్త కోర్టుకు మీ ఊరిని కలుపుతూ నోటిఫికేషన్ వస్తే ఫైలు ఉన్నది ఉన్నట్టు అక్కడికి పోతుంది, సీపీసీ (సివిల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) 150వ సెక్షన్ ప్రకారం పాత కోర్టుకున్న అధికారాలే కొత్త కోర్టుకు ఉంటాయి, ఆగిన దగ్గర్నుంచే నడుస్తుంది, ఫీజు మళ్లీ కట్టక్కర్లేదు. అయితే నంబరు మారొచ్చు, వాయిదా తేదీ మారుతుంది. పాత కోర్టులో తేదీ చూసుకుని పోయి, అక్కడ లేదంటే తిరిగొచ్చి ఊరుకున్న ఒకాయనకు కొత్త కోర్టులో ఎక్స్‌పార్టీ అయింది, అంటే రాలేదని ఆయన లేకుండానే కేసు నడిపేశారు, దాన్ని తీయించడానికి మాకు ఎనిమిది నెలలు పట్టింది. కాబట్టి బదిలీ మాట వినగానే మీ వకీలు దగ్గర కొత్త నంబరు, కొత్త తేదీ రాయించుకోండి.