గిజిగాడి గూడు, బాబు చెప్పిన సారీ

ప్రశ్న: మా ఆరేళ్ల బాబుకు రాత్రిపూట ఒక బొమ్మల పుస్తకం చదివి వినిపిస్తున్నాను. అందులో ఒక పాప చెట్టు కొమ్మ విరిచి, చివరి పేజీలో ఆ చెట్టును వాటేసుకుని క్షమించమని అడుగుతుంది. మొన్న మావాడు కాలువగట్టున కొబ్బరిమట్టకు వేలాడుతున్న గిజిగాడి గూడును గెడకర్రతో లాగి పడేశాడు. నేను కోప్పడితే, ఆ పాపలాగే చెట్టును పట్టుకుని "సారీ" అనేసి ఆటకు పరుగెత్తాడు. పుస్తకం వల్ల వాడికి మాట ఒక్కటే అబ్బిందా?
— ఒక తల్లి, కోనసీమ

జవాబు: అమ్మా, మాట అబ్బడమూ చిన్న సంగతి కాదు. అయితే మీ బాబు సారీ చెప్పింది చెట్టుకు, గూడు పోయింది పిట్టకు. తన చేతివల్ల ఎవరికి ఏమి పోయిందో వాడింకా చూడలేదు. ఇలాంటి పుస్తకాలను పెద్దవాళ్లం చివరి పేజీ కోసం తొందరగా చదివేస్తాం. ఈసారి కొమ్మ విరిగిన పేజీ దగ్గర ఆగి, మీరేమీ అనకుండా, వాడినే ఆ బొమ్మ చూడనివ్వండి.

పడిన గూడు దొరికితే వాడి చేతిలో పెట్టండి. మగపిట్ట వరి ఆకుల నుంచి, కొబ్బరాకుల నుంచి సన్నటి పీచులు చీల్చి, ఒక్కొక్కటే ముక్కున కరచి తెచ్చి అల్లుతుంది; సగం అల్లిన గూటిని ఆడపిట్ట చూసి మెచ్చుకున్నాకే కింది గొట్టాన్ని పూర్తిచేస్తుంది. లోపల అంటించిన మట్టి పెళ్లలు వేలికి తగులుతాయి. ఒక్క పోగును తెగకుండా బయటికి తీయమనండి, ఎంతసేపు తంటాలు పడినా పడనివ్వండి. గుడ్లు పగిలి ఉంటే, అవి తిరిగి రావన్న మాట దాచవద్దు. ఆ తరువాత ఒక సాయంత్రం గట్టుమీద దూరంగా కూర్చుని మిగిలిన గూళ్లు చూపించండి. 1852లో పూర్తయిన పాత ఆనకట్ట స్థానంలో తరువాత కట్టిన ధవళేశ్వరం బ్యారేజీ నుంచి పారి వచ్చే ఆ కాలువ నీరే మన వరికీ, ఆ వరి ఆకు చీల్చుకునే పిట్టకూ ఆధారమని అక్కడైతే వాడికి సులువుగా అర్థమవుతుంది.

నిద్రలేచి నేలమీద కాలు మోపేముందు "పాదస్పర్శం క్షమస్వ మే" అని భూమాతను వేడుకునే అమ్మమ్మలు మన ఇళ్లలో ఇప్పటికీ ఉన్నారు. దాని అర్థం వాడికి చెప్పండి. కానీ అదే ఇంట్లో పూజ పూలను ప్లాస్టిక్ కవరుతో సహా కాలువలో వదిలే అలవాటుంటే, వాడు చూస్తుండగానే మానుకుని, కాలువకు ముందు మీరు క్షమాపణ చెప్పుకోండి.

వాడిచేత సారీ మళ్లీ చెప్పించవద్దు. పిట్టలవైపు తిరిగి తనంతట తాను చెబితే వినండి; చెప్పకపోయినా, ఈసారి గెడకర్ర ఇంట్లో వదిలి గట్టుకు వెళితే చాలు.