అక్కను అడగండి: లోన్ తీరని కారును చారిటీకి ఇవ్వొచ్చా?

ప్రశ్న: అక్కా, మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాం. 2026 జూన్‌లో ఇండియా వెళ్లిపోతున్నాం, ఇక తిరిగి రాం. నా భార్య, పిల్లలు మేలోనే బయల్దేరతారు. 2021లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2015 హోండా ఒడిస్సీ ఉంది. స్లైడింగ్ డోర్ మొరాయిస్తోంది, ఏసీ అంతంతమాత్రం. అమ్మే తలనొప్పి ఎందుకని, రేడియోలో ప్రకటన విని ఒక చారిటీకి ఫోన్ చేశాను. శనివారం టో ట్రక్ పంపిస్తాం, టైటిల్ (బండి ఎవరిదో చెప్పే యాజమాన్య పత్రం) రెడీగా పెట్టుకోండి అన్నారు. తీరా వెతికితే మా దగ్గర టైటిలే లేదు. లోన్ ఇంకా 2,300 డాలర్లు ఉంది. ఆ లోన్ సంగతి చారిటీ చూసుకుంటుందా? లేక బండి ఇచ్చేసి, నేను ఇండియా నుంచి నెలనెలా కట్టుకుంటే సరిపోతుందా? కారు విలువ మొత్తం టాక్స్‌లో తగ్గించుకోవచ్చని మా ఆఫీసులో ఒకతను అంటున్నాడు, నిజమేనా?
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో

జవాబు: తమ్ముడూ, ముందు ఆ చారిటీకి ఫోన్ చేసి శనివారం ట్రక్ వద్దని చెప్పండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

టైటిల్ మీ దగ్గర లేకపోవడం మీ మతిమరుపేం కాదు. టెక్సస్‌లో లోన్ తీరేదాకా టైటిల్ అప్పిచ్చినవాళ్ల దగ్గరే ఉంటుంది. చాలాసార్లు అసలు కాగితమే ఉండదు, కంప్యూటర్‌లో రికార్డు మాత్రమే. అందులో మీ పేరుతో పాటు 'ఫస్ట్ లీన్‌హోల్డర్' అని వాళ్ల పేరు కూడా ఉంటుంది. లీన్ అంటే అప్పు తీరేదాకా బండి మీద వాళ్లకుండే హక్కు. ఆ పేరు ఉన్నంతకాలం బండి నడిపే హక్కు మీదే గానీ ఇంకొకరికి రాసిచ్చే హక్కు మీకు లేదు. చారిటీ ఏం చేస్తుంది? బండిని వేలానికి పంపుతుంది. టైటిల్ మారని బండిని వేలంలో ఎవరు కొంటారు? అందుకే చాలావరకు చారిటీలు లీన్ ఉన్న బండిని ముట్టుకోవు, మీ అప్పు అసలే కట్టవు. ఎవరైనా కట్టినా, ఆ అప్పు మేరకు మీరు వాళ్లకు బండి అమ్మినట్టే ఐఆర్‌ఎస్ (అమెరికా పన్ను శాఖ) లెక్క. దానం కిందికి రాదు.

నెలనెలా కడతాననే ఆలోచన ఇంకా ప్రమాదం. బండి ఎక్కడో, అప్పు మీ పేరున, మీరేమో ఇండియాలో. లోన్ కాగితాల్లో వాళ్ల అనుమతి లేకుండా బండిని ఎవరికీ ఇవ్వకూడదని రాసే ఉంటుంది. తీసి చదవండి.

నేను పదకొండేళ్లు ఒక కార్ డీలర్‌షిప్‌లో టైటిల్ క్లర్క్‌గా చేశాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా లీన్‌లే చూసేదాన్ని. అయినా సొంత కరోలా దగ్గర బోల్తా పడ్డాను. దానం ఇద్దామని లోన్ తీర్చేశాను. ఎలా? ఫోన్‌లో కనిపించిన బ్యాలెన్స్ ఎంతో అంత కొట్టేశాను. రోజువారీ వడ్డీ మరిచిపోయాను. నాలుగు డాలర్ల పద్దెనిమిది సెంట్లు తక్కువైంది. అంతే, లోన్ మూతపడలేదు, టైటిల్ రాలేదు, నాకు అప్పిచ్చిన క్రెడిట్ యూనియన్ వాళ్లు ఒక్క ముక్క చెప్పలేదు. టో ట్రక్ వచ్చింది. డ్రైవర్ పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, నేనిచ్చిన రిజిస్ట్రేషన్ కాగితం అటూ ఇటూ తిప్పి, "ఇది టైటిల్ కాదు మేడమ్" అన్నాడు. నాకు! పక్కింటావిడ గరాజ్‌లోంచి చూస్తూనే ఉంది.

కాబట్టి అప్పిచ్చినవాళ్లను 'పేఆఫ్ లెటర్' అడగండి. సాధారణంగా పది రోజుల లెక్క వేసి ఇస్తారు. ఏ తేదీకి ఎంత, రోజుకు ఎంత వడ్డీ అనేది అందులో ఉంటుంది. మీ 2,300 మీద వడ్డీ ఏడు శాతం అనుకుంటే రోజుకు 44 సెంట్లు. చూడ్డానికి చిల్లరే, లీన్‌ను ఆపడానికి అదే చాలు. డబ్బు అందాక లీన్ విడుదల చేసి, కాగితం టైటిల్ పోస్టులో మీకు వచ్చేసరికి ఒక్కోసారి మూడు వారాలు పడుతుంది. జూన్‌లో ప్రయాణం అంటున్నారు, ఈ వారమే మొదలుపెట్టండి. టైటిల్ మీద మీ భార్య పేరు కూడా ఉంటే ఆవిడ సంతకం కావాలి. విమానం ఎక్కేముందే పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకోండి.

ఇక టాక్స్. మీ ఆఫీసు మిత్రుడు చెప్పింది పాత సంగతి. 2005 నుంచి రూల్ మారింది. చారిటీ ఆ బండిని వేలంలో అమ్మిన ధర 500 డాలర్లు దాటితే, ఆ ధరే మీ డిడక్షన్, అంటే పన్ను లెక్కలో ఆదాయంలోంచి తగ్గించుకునే మొత్తం. ఆన్‌లైన్‌లో చూపించే ధర లెక్కలోకి రాదు. చారిటీ ఆ బండిని తన పనికే గట్టిగా వాడుకుంటేనో, పెద్ద రిపేర్లు చేయిస్తేనో, బీదవాళ్లకు చవగ్గా ఇస్తేనో మాత్రం మార్కెట్ ధర చూపించవచ్చు. మీ డోర్, మీ ఏసీ తలుచుకుంటే ఆ ఆశ పెట్టుకోకండి. అమ్మిన 30 రోజుల్లోపు ఎంతకు అమ్మారో చెప్పే 1098-సి ఫారం వాళ్లు మీకు పంపాలి. అప్పటికి మీరు ఇండియాలో ఉంటారు గనక ఇక్కడి స్నేహితుడి అడ్రస్ ఇవ్వండి.

పైగా ఆ డిడక్షన్ ఐటమైజ్ చేసేవాళ్లకే, అంటే ఇంటి లోన్ వడ్డీ, దానాలు లాంటివి ఒక్కొక్కటిగా రాసి చూపేవాళ్లకే. అలా చూపకపోయినా అందరికీ దొరికే స్టాండర్డ్ డిడక్షన్ 2026కి దంపతులకు 32,200 డాలర్లు. అద్దె ఇంట్లో ఉంటే ఆ గీత దాటడం కష్టం. అంటే కారు దానం వల్ల టాక్స్‌లో మీకు మిగిలేది సున్నా కావచ్చు.

నన్నడిగితే దానం కారుతో కాదు, డబ్బుతో చేయండి. పాత కార్లు కొనే పెద్ద షాపులు లోన్ ఉన్నా కొంటాయి. అప్పు నేరుగా వాళ్లే తీర్చి, మిగిలింది మీకు చెక్ ఇస్తారు. మాటవరసకు 5,000కు పోయిందనుకోండి, అప్పు పోగా 2,700 చేతికొస్తుంది. అది చారిటీకి చెక్ రాయండి. 2026 నుంచి ఐటమైజ్ చేయకపోయినా దంపతులు 2,000 డాలర్ల దాకా దానం చూపించుకోవచ్చు, కానీ డబ్బు రూపంలో ఇస్తేనే. కారుకు ఆ వెసులుబాటు లేదు. చారిటీకి కూడా మధ్యలో వేలం కంపెనీ వాటా పోకుండా మొత్తం అందుతుంది. 250 డాలర్లు, ఆపైన ఇస్తే రసీదు తప్పనిసరి. ఐఆర్‌ఎస్ సైట్‌లో ఆ సంస్థ పేరు ఉందో లేదో కూడా చూసుకోండి.

అమ్మినా, ఇచ్చినా ఈ రెండూ మరవకండి. నంబర్ ప్లేట్లు, టోల్‌ట్యాగ్ పీకేయండి. బండి చేతులు మారిందని 30 రోజుల్లోపు టెక్సస్ మోటారు వాహనాల శాఖకు (టీఎక్స్‌డీఎంవీ) వెహికల్ ట్రాన్స్‌ఫర్ నోటిఫికేషన్ పంపండి. లేదంటే ఎవరో డాలస్ నార్త్ టోల్‌వే మీద తిరుగుతుంటే బిల్లు మీ పేరున వస్తుంది.

ప్రశ్న: మా కారు లోన్ 2008లోనే తీరిపోయింది. కానీ టైటిల్ మీద బ్యాంకు పేరు అలాగే ఉంది. ఆ బ్యాంకు ఇప్పుడు లేదు. చారిటీవాళ్లు లీన్ రిలీజ్ తెమ్మంటున్నారు.
– ఎడిసన్ నుంచి ఒకరు

జవాబు: బ్యాంకు వేరేదాంట్లో కలిసిపోయిందా, దివాలా తీసిందా అన్నది ముందు తేల్చుకోండి. బ్యాంకు డిపాజిట్లకు బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఐసీ సైట్‌లోని 'బ్యాంక్‌ఫైండ్'లో పాత పేరు కొడితే తెలుస్తుంది. కలిసిపోతే కొత్త బ్యాంకే రిలీజ్ లెటర్ ఇవ్వాలి. దివాలా తీసిన బ్యాంకైతే ఎఫ్‌డీఐసీకే దరఖాస్తు పెట్టుకోవచ్చు, టైటిల్ కాపీ, అప్పు తీర్చిన రుజువు అడుగుతారు. 2008 నాటి చెక్ కాపీ అటక మీద ఉందేమో చూడండి.